రాగిచెంబులో గన్నేరు

2023వ సంవత్సరం మార్చి నెల రెండవ తేదీ, గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. బాపట్ల. ఆకాశంలో మబ్బుతునక లేదు. సముద్రపు గాలి ఇంకా లేవలేదు. ఎండ అప్పుడే మాడును చురుక్కుమనిపిస్తోంది. వెంకటప్పయ్య స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక నర్సరీ పందిరి కిందికి వచ్చి, అలవాటు చొప్పున చేతి గడియారం చూసుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ వేళను రాసుకున్నాడు.

తెనాలి జంక్షనులో ముప్పైనాలుగేళ్ళు పాయింట్స్‌మన్‌గా పనిచేసినవాడు గనుక ఈ అలవాటు అతడిని వదలలేదు. వచ్చే బండి ఏ పట్టా మీదికి మళ్ళాలో ఆ పట్టాను కలపడం, తాళం వేయడం, కలిసిందో లేదో వంగి చేత్తో తడిమి చూడటం, ఆ తరువాతనే జెండా ఊపడం అతడి ఉద్యోగం. అతడు కలిపిన పట్టా మీద ఒక్క చక్రమైనా దారి తప్పలేదు. ఆ సంగతి అతడు ఎవరికీ చెప్పుకోలేదు గానీ, తనలో తాను మరచిపోనూ లేదు.

ఉద్యోగం అయిపోయాక అంగలకుదురులోని సొంత ఇంట్లో అతడికి మిగిలిన పని ఒక్కటే. ఆ జనవరిలో భార్య శివపార్వతి గుండె బలహీనపడింది. తెనాలి డాక్టరు ఆమెకు చిన్న తెల్లమాత్ర ఒకటి రాసిచ్చి, వెంకటప్పయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"రోజూ పొద్దున మాత్ర వేసేముందు నాడి పట్టుకుని నిమిషంపాటు లెక్కపెట్టండి. అరవైకి తగ్గిందా, మాత్ర ఆపేసి నాకు ఫోన్ చెయ్యండి. ఇది గుండెను నిలబెట్టే మందే. ఎక్కువైతే మాత్రం అదే గుండెను ఆపుతుంది. అర్థమైందా అండి?"

అర్థమైంది. నాటినుండి ఆ పుస్తకంలో బండ్ల వేళలకు బదులుగా భార్య నాడి అంకెలు ఎక్కుతున్నాయి. డెబ్బైనాలుగు, డెబ్బైమూడు, డెబ్బైనాలుగు. ఆమె ప్రాణం ఆ అంకెలో ఉన్నదని అతడు గట్టిగా నమ్మాడు.

శివపార్వతి మంచం వీధివైపు గదిలో ఉంది. పూలమొక్కలన్నీ పెరటివైపు ఉన్నాయి. నడుమ నాలుగు మెట్లు. మెట్లు దిగరాదని డాక్టరు ఆజ్ఞ. స్నానపు గది దాకా నడవడమే ఆమెకు గొప్ప. ఫిబ్రవరి చివర ఒకనాడు ఆమె పక్కమీద కూర్చుని, "మల్లెలు మొగ్గలేశాయంటగా. గన్నేరు కూడా విరగబూసిందని పనమ్మాయి చెప్పింది. కిటికీలోంచి నాకు ఆ ఎదురింటి మోటారు సైకిలు తప్ప ఏం కనపడదు," అన్నది. అంతకుమించి ఏమీ అడగలేదు. ముప్పైయెనిమిదేళ్ళ కాపురంలో ఆమె అడిగినవి చాలా తక్కువ. బాపట్ల బండి ఎక్కడానికి వెంకటప్పయ్యకు ఆ మాట చాలింది.

"గదిలో పెట్టుకునే కుండీ మొక్క కావాలి తమ్ముడూ. పూలు పూసేది," అని నర్సరీ యజమాని షంషుద్దీన్‌ను అడిగాడు.

"గది నీడలో కూడా పూలు పూసేదా? అట్లాంటిది దొరికితే ముందు మా ఇంట్లోనే పెట్టుకునేవాణ్ణి పెద్దాయనా," అంటూ షంషుద్దీన్ నవ్వి, తలుపు పక్కన బల్లమీద కూర్చున్న తన భార్యవైపు చెయ్యి చూపాడు. జమీలా అనే ఆ ఇల్లాలి ముందు ఒక పాత పచ్చడి సీసా ఉంది. అందులో నీళ్ళు పోసి, పొడుగు కాడలతో మూడు చామంతులూ రెండు ఆకుల రెమ్మలూ నిలబెట్టి ఉన్నాయి.

వెంకటప్పయ్య ఆ సీసాను చాలాసేపు చూశాడు. అతడు పుట్టి పెరిగిన ఇళ్ళలో పువ్వును తొడిమ దగ్గర తుంచడమే తెలుసు. తుంచిన పువ్వు దండలోకి పోతుంది, జడలోకి పోతుంది, లేదా దేవుడి పటం ముందుకు పోతుంది. కాడతో సహా కోసి, ఊరికే చూసుకోవడానికి నీళ్ళలో నిలబెట్టిన ఇల్లు అతడు ఎరగడు.

"ఇదేంటమ్మా, ఇవి ఇట్లా ఎంతసేపు నిలబడతాయి?"

"నాలుగు రోజులు నిలబడతాయి అన్నయ్యగారూ. మీరే వచ్చినప్పట్నుంచీ నిలబడున్నారు, కూర్చోండి," అంటూ జమీలా స్టూలు జరిపింది.

ఆ పూట అతడికి పాఠం జరిగింది. కాడను ఏటవాలుగా కోయాలి. నీళ్ళలో మునిగే ఆకులను దూసేయాలి. ఎత్తైనది వెనక, పొట్టిది ముందు. సరిసంఖ్య కన్న బేసిసంఖ్య కంటికి బాగుంటుంది. నీళ్ళు రోజూ పారబోసి కొత్తవి పోయాలి. అతడు అన్నీ పుస్తకంలో వరసగా రాసుకున్నాడు.

"మీ పెరట్లో ఏమేం ఉన్నాయి?" అన్నాడు షంషుద్దీన్.

"మల్లె, మందారం, నందివర్ధనం. ఎర్ర గన్నేరు మాత్రం చెట్టంతైంది."

"మందారం సాయంత్రానికి మూతి ముడుచుకుంటుంది. గన్నేరు పర్లేదు. కాకపోతే కోసేటప్పుడు పాలు కారతాయి, ఆ చేత్తో కళ్ళు నలుపుకోకండి. సబ్బుతో కడుక్కోండి. మంచిది కాదది. మేక కూడా దానికి నోరు పెట్టదు. పిల్లలుంటే అందనియ్యకండి."

"ఇంట్లో చిన్నపిల్లలు లేరు. నేనూ మా ఆవిడే. మేకలమైతే కాదు," అన్నాడు వెంకటప్పయ్య. ముగ్గురూ నవ్వారు. సబ్బుతో చేయి కడుక్కోవలెనని కూడా అతడు పుస్తకంలో రాసి, కింద గీత గీశాడు.

మొదటి నాలుగు రోజులూ చేతికాని పనివాడి నాలుగు రోజులే. మల్లెరెమ్మ మధ్యాహ్నానికి మెడ వాల్చేసింది. మందారం షంషుద్దీన్ చెప్పిన వేళకంటె ముందే ముడుచుకుంది. నందివర్ధనం రేకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. స్టీలు గ్లాసు బరువు చాలక పక్కకు ఒరిగి, నీళ్ళన్నీ దుప్పటిమీద పోసింది.

"రైళ్ళు నిలబెట్టారు గానీ రెమ్మలు నిలబెట్టలేకపోతున్నారే," అన్నది శివపార్వతి. చాలా రోజుల తరువాత ఆమె నవ్వడం చూసి అతడు ఆ పని మానదలచుకోలేదు.

అయిదవనాడు బరువైన పాత్ర కోసం వెదికాడు. వంటింటి గూట్లో రాగిచెంబు కనిపించింది. అడుగు వెడల్పు, మెడ సన్నం, చేతికి నిండైన బరువు. శివపార్వతి నిత్యపూజకు వాడిన చెంబు అది. ఆమె మంచం పట్టిన తరువాత పూజ ఆగిపోయి చెంబు గూట్లోనే ఉండిపోయింది. అతడు దానిని చింతపండుతో తోమి, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని తాగే నీళ్ళ క్యానులోంచి నింపి, ఎర్ర గన్నేరు కొమ్మలు అయిదు ఏటవాలుగా కోసి అందులో అమర్చాడు. సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. మంచం పక్కన కిటికీ వెలుతురు బాగా పడే చోట చిన్నబల్ల వేసి, చెంబును దానిమీద పెట్టాడు. ఆ బల్లకు సరిగ్గా పైన, గోడమీద, శివుడి పటం ఉంది. వెంకటప్పయ్య చూసినది వెలుతురును. పటాన్ని అతడు చూడలేదు.

శివపార్వతి పటాన్నే చూసింది.

ఇక్కడ ఆ దంపతుల సంగతి ఒకటి చెప్పవలసి ఉంది. వెంకటప్పయ్య దైవాన్ని నిందించినవాడు కాడు, నమ్మినవాడూ కాడు. ఆమె గుడిలోకి వెళితే అతడు బయట చెప్పులకు కాపలా ఉండేవాడు. ఒక్కనాడైనా దీపం వెలిగించమని ఆమె ఏళ్ళ తరబడి అడిగి, చివరకు అడగడం మానుకుంది. అటువంటి మనిషి ఇప్పుడు పూజచెంబు తోమి, మంచినీళ్ళు నింపి, శివుడికి ప్రీతి అని పేరున్న గన్నేరు కోసి, శివుడి పటం కింద పెట్టాడు. మాట్లాడకుండా, ఒకటికి రెండుసార్లు చేతులు కడుక్కుని మరీ పెట్టాడు. ఆమెకు ఇక సందేహం లేకపోయింది. తన ప్రాణం కోసం భర్త పూజ మొదలుపెట్టాడు. పైకి అంటే సిగ్గుపడి మానేస్తాడని ఆమె పెదవి విప్పలేదు. విభూతి డబ్బాలో ఆమె దాచుకున్న చిన్న ఉద్ధరిణి ఉంది. అతడు పెరట్లో ఉన్న సమయం చూసి, స్నానం కాగానే ఆ చెంబులోంచి మూడు ఉద్ధరిణుల నీళ్ళు అరచేతిలో పోసుకుని, కళ్ళకద్దుకుని, తీర్థంగా పుచ్చుకున్నది. సాయంత్రం మళ్ళీ పుచ్చుకున్నది.

ఈ సంగతి వెంకటప్పయ్యకు పదహారు రోజుల తరువాత గానీ తెలియలేదు.

గన్నేరు వాడలేదు. రెండవనాడూ, మూడవనాడూ చెంబులో అట్లాగే నిగనిగలాడింది. వచ్చినవారు బాగుందన్నారు. మొదటిసారి చేయి తిరిగిన పనివాడికి కలిగే గర్వం అతడికీ కలిగింది. ఇంకొక విశేషం కూడా గమనించాడు. చెంబులో నీళ్ళు ప్రతిరోజూ తగ్గుతున్నాయి.

"చూశావా పార్వతీ, ఈ పూలు ఎంత నీళ్ళు తాగుతున్నాయో. నిన్న మెడదాకా పోశాను."

"తాగనియ్యండి," అన్నది ఆమె, కళ్ళు దించుకుని.

రోజూ పారబోసి కొత్తవి పోయమన్న మాట పుస్తకంలో ఉంది. కానీ ఎలాగూ తరిగిపోతున్నాయి, తరిగినంత కొత్త నీళ్ళు పోస్తే అవే కొత్తవి కదా అనుకున్నాడు. పాతనీళ్ళలో పాతకాడలు నానుతూనే ఉన్నాయి. పైనుంచి మంచినీళ్ళు చేరుతూనే ఉన్నాయి.

పదవ తేదీన నాడి డెబ్బై. పదమూడున అరవైయారు. ఆమెకు అన్నం సయించడం మానింది. కాఫీ వాసనకే వికారం అన్నది. ఎండలు ముదిరినందువల్లనేమో అనుకున్నాడు. ఆమె నీరసపడే కొద్దీ అతడు పూలను మరింత శ్రద్ధగా అమర్చాడు. అయిదు కొమ్మలు ఏడయ్యాయి, ఏడు తొమ్మిదయ్యాయి. ఆమె నీరసపడే కొద్దీ తీర్థంమీద భక్తి కూడా పెరిగింది. ఉద్ధరిణి మాని అరచెయ్యి నిండా పోసుకోవడం మొదలుపెట్టింది.

పదహారవ తేదీ సంధ్యవేళ దీపాలు వేశాక ఆమె మంచం మీదినుండి మెల్లగా పిలిచింది.

"ఏవండీ, పటం చుట్టూ పసుప్పచ్చగా వెలుగు కనపడుతోందండీ. గుండ్రంగా."

అతడు పటంవైపు చూశాడు. అతడికి ఏ వెలుగూ కనిపించలేదు. "బల్బు పాతదైపోయింది. రేపు మారుస్తా," అన్నాడు. ఆమె ముఖంలో ఏదో అర్థంకాని సంతోషం ఉంది. ఆ సంతోషమే అతడికి భయం పుట్టించింది. మరునాడు బల్బు మార్చాడు. వెలుగు ఇంకా ఉన్నదని ఆమె చెప్పింది.

పద్దెనిమిదిన అకాలవర్షం పడింది. ఆనాటి ఉదయం నాడి యాభైయారు. అతడు మళ్ళీ లెక్కపెట్టాడు. యాభైయారే. మాత్రను డబ్బాలోనే ఉంచి డాక్టరుకు ఫోన్ చేశాడు. మాత్ర ఆపి సోమవారం తీసుకురమ్మని డాక్టరు చెప్పాడు.

"బుధవారం ఉగాది. అమ్మాయి రేపల్లెనుంచి వస్తుంది. పండగ చూసుకుని గురువారం వెళ్దామండీ," అన్నది శివపార్వతి.

"సోమవారమన్నాడు."

"మాత్ర ఆపాంగా. ఇంకేం భయం? నాకేం కాదు. నాకు తెలుసు."

ఆమె అంత ధీమాగా చెప్పడం అతడు ఎన్నడూ వినలేదు. సరేనన్నాడు. మాత్ర ఆగితే అంకె పెరగాలి. సోమవారం నాడి యాభైరెండు. మంగళవారం నలభైతొమ్మిది. మాత్ర డబ్బా తెరిచి అందులోని మాత్రలను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పొరపాటున ఎవరైనా వేశారేమోనని అతడి అనుమానం. ఒక్కటీ తక్కువ కాలేదు. పట్టా సరిగ్గా కలిసింది, తాళం పడింది, అయినా బండి అవతలి దారిన పోతోంది. ఎక్కడ తప్పిందో తెలియక అతడు ఆ పగలంతా ఇంట్లో ప్రతి వస్తువునూ చూస్తూ తిరిగాడు. చెంబు దగ్గరకు వచ్చినప్పుడు నీళ్ళు తగ్గి ఉండటం చూసి, నింపి, ముందుకు వెళ్ళిపోయాడు.

ఇరవైరెండవ తేదీ, బుధవారం, ఉగాది. ఎనిమిదిన్నరకు కూతురు హాసిని రేపల్లె బండి దిగి, ఆటోలో ఇంటికి వచ్చింది. చేతిలో ఉగాది పచ్చడి గిన్నె. గదిలోకి వెళ్ళి తల్లిని చూసి గిన్నె కింద పెట్టేసింది.

"ఏంటి నాన్నా ఇది, అమ్మ ఇట్లా ఉంటే ఫోన్లో బాగానే ఉందంటావు?"

"నలభైనాలుగు," అన్నాడు వెంకటప్పయ్య. పుస్తకం తెరిచి ఆనాటి నాడి అంకె చూపాడు. "ఆటోను ఉండమను. ఇప్పుడే వెళ్దాం. పూలు మార్చేసి వస్తా." పండుగనాడు వాడిన పూలుండరాదన్న ఒక్క ఆలోచనతో పెరట్లోకి వెళ్ళి, నాలుగు కొమ్మలు కోసి, చేతులు కడుక్కుని, గుమ్మం దాకా వచ్చాడు.

లోపల శివపార్వతి లేవలేక, కూతురితో గొంతు తగ్గించి చెబుతోంది.

"వెళ్ళేముందు ఆ చెంబులో తీర్థం పొయ్యమ్మా. అరచెయ్యి నిండా పొయ్యి. రోజూ రెండుపూట్లా పుచ్చుకుంటున్నాను."

హాసిని చెంబు వంచింది. తల్లి అరచేయి కింద పట్టింది.

"ఏ తీర్థం?" అన్నాడు వెంకటప్పయ్య.

ఇద్దరూ గుమ్మంవైపు చూశారు. అతడు కొమ్మలను నేలమీద పడేసి, రెండంగల్లో వచ్చి భార్య చేతిని పక్కకు తోశాడు. నీళ్ళు దుప్పటిమీద పడ్డాయి. పెళ్ళైన తరువాత అతడు ఆమెను తోయడం అదే మొదటిసారి.

"ఎన్నాళ్ళనుంచి?"

"మీరు పెట్టినప్పట్నుంచీ," అన్నది శివపార్వతి, దొరికిపోయిన చిన్నపిల్ల ముఖం పెట్టి.

చెంబునూ, ఒక కొమ్మనూ సంచిలో వేసుకుని, భార్యనూ కూతురినీ ఎక్కించి అతడు ఆటో ఎక్కాడు. దారిలోనే బాపట్లకు ఫోన్ చేశాడు. షంషుద్దీన్ అంతా విన్నాడు.

"చెయ్యి కడుక్కోమని చెప్పాను పెద్దాయనా. నీళ్ళ సంగతి చెప్పలేదు. పూలు పెట్టిన నీళ్ళు మనిషి తాగుతారని నాకెట్లా తోస్తుందండి? డాక్టరుకు పువ్వు పేరు చెప్పండి. ముందు అది చెప్పండి."

తెనాలి ఆసుపత్రిలో డాక్టరు చెంబులోకి చూశాడు, కొమ్మను చూశాడు, శివపార్వతి గుండె గీతల కాగితం చూశాడు. అతడు కోపపడలేదు.

"మీకు రాసిచ్చిన మాత్ర లాంటిదే ఈ చెట్టులోనూ ఉంది. మాత్రకు కొలత ఉంది, దీనికి లేదు. రెండూ కలిసి ఒకే గుండెమీద పడ్డాయి. మాత్ర ఆపారు గానీ ఇది ఆపలేదు. గుంటూరు పంపిస్తున్నాను, ఇక్కడ ఉంచితే కష్టం."

గుంటూరులో ఆమె గుండెకు తీగ వేసి, అది యంత్రంతో కొట్టుకునేట్టు చేశారు. రెండురోజులు ఆమె ఎవరినీ పోల్చలేదు. ఆ రెండురోజులూ వెంకటప్పయ్య వరండాలోని బల్లమీద కూర్చుని, పుస్తకంలో మార్చి రెండునుండి ప్రతి పేజీ చదివాడు. ఏటవాలు కోత రాసి ఉంది. బేసిసంఖ్య రాసి ఉంది. సబ్బు కింద గీత ఉంది. ఆమె ఆ చెంబును ఏమనుకుంటున్నదో అడిగినట్టు ఎక్కడా లేదు.

మూడవరోజు మధ్యాహ్నం ఆమెకు తెలివి వచ్చింది. జరిగినదంతా హాసిని తల్లికి మెల్లగా చెప్పింది. శివపార్వతి ఆసాంతం విని, తల తిప్పి భర్తను చూసింది.

"అయితే మీరు పూజ చెయ్యలేదా?"

అతడు తల అడ్డంగా ఊపాడు.

"మరి అన్ని రోజులూ ఆ పూలు ఎవరికి పెట్టారు?"

"నీకు. నువ్వు చూస్తావని."

ఆమె గోడవైపు తిరిగి, "నేనేమో నా కోసం దేవుణ్ణి అడిగారనుకున్నా," అన్నది. గన్నేరు గురించి ఆమె ఆనాడు గానీ, ఆ తరువాత గానీ ఒక్కమాట అనలేదు. దేవుడి గురించి ఆ ఒక్కమాట మాత్రం అన్నది.

శివపార్వతిని ఏప్రిల్ అయిదవ తేదీన, బుధవారం, ఇంటికి తీసుకువచ్చారు. ఉన్న బలంలో కొంత పోయిందని, అది తిరిగిరాదని గుంటూరు డాక్టర్లు చెప్పారు. ఆ తరువాత ఆమె మంచంనుండి గుమ్మం దాకా తప్ప నడవలేదు. ఏప్రిల్ ఆరునుండి వెంకటప్పయ్య రోజూ ఉదయం స్నానం చేసి ఆమె ఎదుట దీపం వెలిగించాడు. మంత్రం రాదు గనుక ఆమె చెప్పినది చెప్పినట్టు పలికేవాడు. ఆమె 2024 నవంబరు పన్నెండవ తేదీన, మంగళవారం, వారంరోజుల జ్వరం తరువాత పోయింది. ఆ మరునాటినుండి అతడు దీపం వెలిగించలేదు.

షంషుద్దీన్, జమీలా బాపట్లలోనే నర్సరీ నడుపుతున్నారు. ఎవరైనా గన్నేరు మొక్క అడిగితే, ఇంట్లో ఎక్కడ పెడతారో చెప్పిన తరువాతనే ఇస్తున్నారు. అంగలకుదురు ఇంట్లో ఇప్పుడు వేరేవారు అద్దెకు ఉంటున్నారు. వెంకటప్పయ్య రేపల్లెలో హాసిని ఇంట్లో ఉంటున్నాడు. వయసు అరవైయెనిమిది. ఆరోగ్యం బాగానే ఉంది.